గొడ్డలి ఎత్తే ముందు నాలుగు ప్రశ్నలు

"ఈ కలప మంచిదేనా?" అని వడ్రంగిని అడిగేవాళ్లు చాలామంది. చేయి తిరిగిన వడ్రంగి దానికి వెంటనే బదులివ్వడు. "ఏం చేయించుకుందామని?" అని ఎదురడుగుతాడు. ఆ ఎదురు ప్రశ్నలో పెద్ద వివేకం ఉంది. ఉద్యోగం మారాలన్నా, పొలం అమ్మాలన్నా, పిల్లల చదువు తేల్చాలన్నా మనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. మంచిదా, చెడ్డదా అని తేల్చేసి ముందుకు పోతాం. దేనికి మంచిది అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

ఈ అధ్యాయంలో ఆ ప్రశ్నను నాలుగు ప్రశ్నలుగా విడదీసి అడగడం ఒక చెట్టు దగ్గర నేర్చుకుందాం. ఆ చెట్టు కానుగ. కన్నడంలో హొంగె. హైదర్ అలీ పుట్టిన ఊరిగా చరిత్రలో పేరున్న బూదికోటలోనూ, కోలారు జిల్లా పల్లెల్లోనూ చెరువు కట్టల మీద, పొలం గట్ల వెంట, రోడ్ల పక్కన ఈ చెట్టు ఉంటుంది. ఇంటి ముందు అడ్డంగా ఉందనో, నాలుగు రాళ్లు వస్తాయనో దీన్ని కొట్టేయాలనుకునే కుటుంబాలకు ఈ నాలుగు ప్రశ్నలు నేరుగా పనికొస్తాయి. చెట్టు లేనివాళ్లు కూడా వదిలేయవద్దు. అధ్యాయం చివరికి వచ్చేసరికి వీటిని మీ సొంత నిర్ణయాలకు వాడుకోగలుగుతారు.

మొదటి ప్రశ్న: దీని స్వభావం ఏమిటి?

కానుగను మనం మెట్ట ప్రాంతపు చెట్టుగానే ఎరుగుదుం. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం దీన్ని మడ అడవుల పొరుగు చెట్ల జాబితాలో కూడా రాస్తారు. సముద్రపు ఆటుపోట్లు తాకే కాలువ గట్ల మీద, ఉప్పుకయ్యల ఒడ్డున ఇది సహజంగా పెరుగుతుంది. దీని కాయలు తేలికగా ఉండి నీళ్లలో తేలిపోతాయి. అలా తేలి ఒడ్డుకు చేరిన చోట మొలుస్తాయి. ఉప్పునూ ఓర్చుకుంటుంది, ఎద్దడినీ ఓర్చుకుంటుంది. అందుకే సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న కోలారు పీఠభూమి మీద, జీవనది లేని నేలలో కూడా ఇది పచ్చగా నిలబడగలుగుతోంది.

దీని కలప స్వభావం తెలియాలంటే ముందు దీని పొరుగు చెట్లుండే చోటికి, కాకినాడ దగ్గరి కోరంగికి వెళ్లాలి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ మడ అడవి 235 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. అక్కడ ఒకే బురదలో, ఒకే ఉప్పునీళ్లలో పెరిగే చెట్ల కలపలు ఒకదానికొకటి పోలికే లేకుండా ఉంటాయి.

వాటిలో మడ అనే చెట్టునే తీసుకోండి. చాలా చెట్లలో కలప ఒకే ముద్దగా పెరుగుతుంది. మడలో ఒక కలప పొర, దాని మీద ఆహారాన్ని మోసే మెత్తని పొర, మళ్లీ కలప పొర, ఇలా వరసలు వరసలుగా పెరుగుతుంది. ఎండేటప్పుడు ఆ మెత్తని పొరల వెంట కలప విచ్చుకుంటుంది. పలకలు కోయడానికి కుదరదు. పొయ్యిలో మాత్రం బాగా మండుతుంది.

ఉప్పుపొన్న కలప ఇంకో రకం. చాలా బరువు, చాలా గట్టి. పచ్చి దుంగ నీళ్లలో మునిగిపోతుంది. బొగ్గుకు దీన్ని మించినవి తక్కువ. మలేసియాలోని పెరాక్ రాష్ట్రంలో మతాంగ్ మడ అడవిని 1902 నుంచి ఒక పద్ధతి ప్రకారం సాగు చేస్తున్నారు. ఈ జాతి చెట్లను 30 ఏళ్లు పెరగనిచ్చి, బొగ్గుకూ గుంజలకూ కొట్టి, ఆ చోట మళ్లీ పెంచుతారు.

తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదం. కలప మాత్రం మెత్తగా, తేలికగా ఉంటుంది. స్తంభానికీ దూలానికీ పనికిరాదు. సుందరవనాల దగ్గర ఖుల్నాలో 1959లో మొదలైన వార్తాపత్రికల కాగితం మిల్లు నడిచింది ఈ కలపతోనే. అగ్గిపుల్లలకూ ఇదే వాడారు.

మూడూ ఒకే చోట పుట్టి పెరిగిన చెట్లు. ఒకటి పొయ్యికి, ఒకటి బొగ్గుకు, ఒకటి కాగితానికి. పుట్టిన చోటును చూసి స్వభావాన్ని ఊహించకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇక కానుగ. దీని కలప తెల్లగా ఉండి, కోశాక గాలి తగిలేకొద్దీ పసుపు రంగుకు తిరుగుతుంది. పోగు కాస్త ముతక. గట్టిదనం మధ్యరకం. ఎండిన కానుగ కలప ఘనపు మీటరుకు దాదాపు 600 నుంచి 700 కిలోలు తూగుతుంది. టేకు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. బరువు చూసి నాణ్యత చెప్పేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

తేడా లోపల ఉంది. టేకు ముదిరేకొద్దీ మాను నడుమ ముదురు రంగు చేవ తయారవుతుంది. చెదకూ బూజుకూ గిట్టని పదార్థాలను చెట్టు అందులో నింపుకుంటుంది. కానుగలో అలా వేరుపడిన చేవ ఉండదు. లోపలా బయటా ఒకే తెల్ల కలప. అందులో పురుగుకు ఇష్టమైన పిండి పదార్థం ఉంటుంది. అందుకే దీనికి చెద పడుతుంది, పురుగు తొలుస్తుంది. ఎండేటప్పుడు వంకర పోతుంది, పగులుతుంది. ఇవి కానుగ చేసిన నేరాలు కావు, దాని గుణాలు. ముందే తెలుసుకున్నవాడికి వీటితో నష్టం లేదు.

రెండో ప్రశ్న: ఏ పనికి తగుతుంది, ఏ పనికి తగదు?

గుణాలు తెలిశాక పనులను రెండు వరసల్లో రాసుకోండి. కానుగ విషయంలో ఆ వరసలు ఇలా ఉంటాయి.

తగిన పనులు: పార, కొడవలి వంటి పనిముట్ల పిడులు. నాగలి, కాడి భాగాలు. ఎడ్లబండి చక్రాలు కూడా పాతకాలం నుంచి దీనితో చేశారు. ఇంట్లో పొడిగా, నేలకు తగలకుండా ఉండే చిన్న పీటలు, పెట్టెలు. అన్నిటికంటే ఎక్కువగా వంటచెరకు. ఎండిన కానుగ కట్టె కిలోకు సుమారు 4,600 కిలో కేలరీల వేడినిస్తుంది.

తగని పనులు: గుమ్మాలు, కిటికీ చట్రాలు, ఇంటి దూలాలు, నేలలో పాతి ఏళ్ల తరబడి ఉంచవలసిన గుంజలు, తడి తగిలే ఏ పనైనా. గట్టి దెబ్బలు తినే గొడ్డలి కామకు నల్లతుమ్మ మేలు.

తగిన వరసలోని పనులను గమనించండి. పిడి విరిగితే మార్చుకోవచ్చు. నాగలి భాగం రోజూ రైతు చేతిలో, కళ్ల ముందు ఉంటుంది. పురుగు పడితే ఆ రోజే తెలుస్తుంది. తగని వరసలోవి అలా కాదు. దూలంలో చెద పడిన సంగతి కప్పు వంగేదాకా తెలియదు. కాబట్టి రెండో ప్రశ్నలో ఇంకో చిన్న ప్రశ్న దాగి ఉంది: ఇది చెడితే నాకు ఎప్పుడు తెలుస్తుంది, సరిచేసుకునే వీలుంటుందా?

మనుషులకు పని అప్పగించేటప్పుడు కూడా దీన్ని అడగండి. కొత్తగా చేరిన కుర్రవాడికి మొదటి నెలలోనే నగదు పెట్టె తాళం ఇవ్వడం, అనుభవం లేని రంగంలో దాచుకున్న డబ్బంతా ఒకేసారి పెట్టడం, ఇవి కానుగను దూలంగా వేయడంతో సమానం. అదే కుర్రవాడికి రోజూ సాయంత్రానికి ఫలితం కనిపించే పని ఇవ్వండి. ఆ రంగంలోనే నష్టపోయినా తట్టుకోగలిగినంత పెట్టండి. లోపం బయటపడినప్పుడు దిద్దుకునే వ్యవధి మీ చేతిలో ఉంటుంది.

మూడో ప్రశ్న: తయారు చేసుకునే ఓపిక నాకుందా?

కొట్టిన రోజున ఏ కలపా పనికి సిద్ధంగా ఉండదు. పచ్చి కలప నిండా నీరు ఉంటుంది. అది పోయేటప్పుడు కలప కుంచించుకుపోతుంది. ఆ కుంచింపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. మాను చుట్టుకొలత వైపు జరిగే కుంచింపు, కేంద్రం నుంచి బెరడు వైపు జరిగేదానికి దాదాపు రెండింతలు. ఆ లాగులాట వల్లే దుంగ బీటలు వారుతుంది, పలక వంకర పోతుంది. కానుగలో ఈ గుణం ఎక్కువ గనక తొందర అసలే పనికిరాదు. చేయవలసిన క్రమం ఇది.

ఒకటి. ముందు అనుమతి సంగతి చూసుకోండి. కర్ణాటకలో చెట్ల సంరక్షణ చట్టం 1976 నుంచి ఉంది. మీ పొలంలోని చెట్టయినా కొట్టే ముందు అటవీ శాఖ కార్యాలయంలో విచారించండి. చెరువు కట్ట మీదిదీ, రోడ్డు పక్కదీ మీది కాదు.

రెండు. కొట్టిన దుంగను ఎండలో పడేయవద్దు. కోతపడిన రెండు చివరలకూ వెంటనే మైనమో, పాత రంగో పూయండి. నీరు చివరల నుంచే తొందరగా పోతుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే.

మూడు. దుంగ మొత్తం మునిగేలా కొన్ని వారాలు నీళ్లలో నానబెట్టండి. పురుగు కోరుకునే పిండి పదార్థం నీళ్లలో తగ్గిపోతుంది. బయట తేలిన భాగం ఉంటే దానికి ఈ రక్షణ దక్కదు.

నాలుగు. కోయించేటప్పుడు మాను నట్టనడుమ ఉండే మెత్తని గుజ్జు భాగం పలకలో రాకుండా చూడమని చెప్పండి. అది ఉన్న ముక్క పగలక మానదు.

అయిదు. నీడలో, గాలి ఆడే చోట, నేలకు జానెడు ఎత్తున ఇటుకల మీద దొంతర పేర్చండి. వరసకూ వరసకూ మధ్య ఒకే మందం ఉన్న బద్దలు, ఒకదాని మీద ఒకటి నిట్టనిలువుగా వచ్చేలా పెట్టండి. పైన బరువు పెడితే పలకలు లేవవు.

ఆరు. అంగుళం మందం పలకకు ఏడాది అన్నది గాలిలో ఆరబెట్టడానికి పాత లెక్క. ఆరిందో లేదో తేల్చడానికి సులువైన మార్గం తక్కెడ. ఒక ముక్కను వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం ఆగిందంటే మీ ఊరి గాలికి తగినట్టు ఆరిందన్నమాట.

ఏడు. ఇంట్లో పొడిగా ఉండే వస్తువుకైతే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టడం పురుగుకు మంచి అడ్డు. చివర చెప్పినా దీన్ని ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, కోత పూర్తయిన వెంటనే, దొంతర పేర్చే ముందే చేయాలి. వానకు తడిసే చోట వాడితే ఆ మందు కడుక్కుపోతుంది.

ఈ ఏడు మెట్లలో ఏ ఒక్కటీ కష్టమైనది కాదు. ఖర్చూ తక్కువే. కావలసిందల్లా కాలం. నాసిరకం అని పేరు పడిన కలపలో చాలావరకు అసలు లోపం తొందరపాటుదే. నానబెట్టకుండా కోసి, ఆరకముందే బిగించి, ఆరు నెలలకు పగిలిందని చెట్టును తిడతాం.

పిల్లల విషయంలో ఈ తొందర మరీ ఎక్కువ. పదో తరగతి ఫలితం వచ్చిన మధ్యాహ్నమే ఇంట్లో తీర్పు చెప్పేస్తారు, వీడికి చదువు రాదని. పదిహేనేళ్ల బిడ్డ ఇంకా పచ్చి కలప. గుణం కనిపిస్తుంది గానీ పనితనం తేలదు. ఆ వయసులో తల్లిదండ్రులు చేయవలసింది నీడ ఇవ్వడం, గాలి ఆడనివ్వడం, వంకర పోకుండా కాస్త బరువు పెట్టడం. వారం వారం మార్పును గమనిస్తూ ఉండండి. తీర్పు చెప్పే అవసరం చాలాసార్లు రాదు.

నాలుగో ప్రశ్న: ఇలాగే నిలబెట్టి ఉంచితే ఏమిస్తుంది?

ఈ ప్రశ్న చివర్లో వచ్చినా బరువులో మొదటిది. మొదటి మూడూ కొట్టాక ఏం చేయాలో చెబుతాయి. ఇది కొట్టాలా వద్దా అన్నదే తేలుస్తుంది.

కానుగ నాలుగు నుంచి ఏడేళ్లలో కాపుకు వస్తుంది. ఎదిగిన చెట్టు నేలను బట్టి, వానను బట్టి ఏటా 9 నుంచి 90 కిలోల విత్తనమిస్తుంది. ఆ విత్తనంలో 27 నుంచి 39 శాతం నూనె. దీపానికి, సబ్బుకు, తోళ్లు పదును చేయడానికి ఈ నూనె ఎంతోకాలంగా వాడకంలో ఉంది. డీజిల్ ఇంజన్లు కూడా నడిపారు. నూనె తీయగా మిగిలిన పిండి పొలానికి ఎరువు. అందులోని కరంజిన్ అనే పదార్థం, వేసిన నత్రజని నేలలోంచి తొందరగా పోకుండా ఆపుతుంది. ఆకును పచ్చిరొట్టగా మడిలో తొక్కుతారు. లేత పుల్ల పళ్లు తోముకోవడానికి. పూలకు తేనెటీగలు వస్తాయి. ఇది చిక్కుడు కుటుంబపు చెట్టు గనక వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరేసరికి కొత్త చిగురుతో చిక్కని నీడ పరుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవకండి. గింజలూ నూనే తినేవి కావు. పిల్లలకు అందకుండా ఉంచండి.

లెక్క వేసి చూద్దాం. మీ చెట్టు ఏటా 30 కిలోల విత్తనం ఇస్తుందనుకుందాం. పదేళ్లలో 300 కిలోలు. గానుగలో నాలుగో వంతు నూనెగా దిగినా 75 కిలోల నూనె, 200 కిలోలకు పైగా పిండి. కొట్టి అమ్మితే వచ్చేది ఒక్కసారి కట్టెల ధర. కట్టెలు కావాలన్నా మొదలు నరకనక్కర్లేదు. కానుగ కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది. మీ ఊళ్లో విత్తనం ధర ఎంతో, కట్టెల ధర ఎంతో కనుక్కుని ఈ లెక్కను మీ అంకెలతో ఒకసారి వేయండి.

దీన్ని చేసి చూపించినవాళ్లు తెలుగు నేల మీదే ఉన్నారు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు పల్లెలో స్వయం సహాయక సంఘాల మహిళలు కానుగ విత్తనం సేకరించి నూనె తీసే పని చేపట్టారు. డీజిల్ బదులు ఆ నూనె వాడితే 147 టన్నుల కర్బన ఉద్గారాలు తగ్గుతాయని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మేరకు 645 డాలర్లు వాళ్లకు చెల్లించింది. డబ్బు పెద్దది కాకపోవచ్చు. కానీ నిలబడి ఉన్న చెట్టుకు ఒక ధర ఉందని, ఆ ధరను పల్లె మహిళలు అడిగి తీసుకోవచ్చని అది లోకానికి చాటింది.

కొట్టి అమ్మడం తప్ప మరో ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో కోలారు జిల్లా చూసింది. ఎంత తొందరగా కొట్టి అమ్మవచ్చు అన్న ఒక్క లెక్కతో నీలగిరి తోటలు విస్తరించాయి. భూగర్భజలం మీద వాటి భారం గురించి ఏళ్ల తరబడి వాదనలు నడిచాక 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. నీలగిరి కలపకు వాడుక లేకపోలేదు. ఈ నేలకు, ఈ వానకు అది తగునా అని ముందే అడగకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది.

మీ జీవితానికి ఈ నాలుగు ప్రశ్నలు

బూదికోటకు పొరుగునే ఉన్న కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. తరతరాలుగా భూమి లోపల పనిచేసిన కుటుంబాలకు ఆ రోజుతో జీతం ఆగింది. నేటికీ అక్కడి నుంచి, బంగారపేట నుంచి ఎందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లి రాత్రికి తిరిగొస్తున్నారు. జీవనోపాధి ఒక్కసారిగా పోయినప్పుడు మనిషి తనను తాను "ఇక దేనికీ పనికిరాను" అనుకోవడం సహజం. అక్కడే ఈ ప్రశ్నలు ఆదుకోవాలి.

నా స్వభావం ఏమిటి? హోదా పోయింది, జీతం పోయింది. చేతికి వచ్చిన పని పోలేదు. యంత్రం చప్పుడు విని జబ్బు చెప్పగలను, చీకట్లో నలుగురిని భద్రంగా నడిపించగలను, ఎత్తంటే భయం లేదు. ఇలా ఉద్యోగం పేరు రాయకుండా గుణాలు మాత్రమే రాయండి.

ఏ పనికి తగుతాను, దేనికి తగను? తగనివి రాయడానికి సిగ్గుపడవద్దు. కానుగకు చెద పడుతుందని తెలిసిన వడ్రంగే దానితో మంచి పిడి చేయగలడు.

తయారయ్యే ఓపిక ఉందా? కొత్త పని నేర్చుకోవడానికి ఎన్ని నెలలు పడుతుంది, అంతవరకు ఇల్లు గడిచే దారి ఏది? ఈ రెండూ పక్కపక్కన రాయండి.

ఇప్పుడున్నదాన్ని నిలబెడితే ఏమొస్తుంది? అరెకరం పొలం, పాత ఇల్లు, చిన్న కొట్టు, ఇరవై ఏళ్ల పరిచయాలు. అమ్మితే వచ్చే ధర, ఉంచితే పదేళ్లలో వచ్చే ఫలితం, రెండింటినీ ఒకే కాగితం మీద రాస్తే తప్ప పోలిక దొరకదు.

ఈ వారం చేయవలసినవి

మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక చెట్టును ఎంచుకోండి. దాని కలప సంగతి ఊరి వడ్రంగిని అడగండి. దాని ఆకు, గింజ, నీడ సంగతి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇద్దరి మాటలనూ నాలుగు ప్రశ్నల కింద రాయండి. ఒకరు చెప్పనిది రెండోవారు చెబుతారు.

తర్వాత మీ మనసులో నలుగుతున్న ఒక నిర్ణయాన్ని తీసుకుని అదే నాలుగు ప్రశ్నల కింద నింపండి. ఏ ప్రశ్న కింద ఖాళీ ఉందో చూడండి. మీకు తెలియవలసింది అక్కడే ఉంది. దాన్ని ఎవరిని అడిగితే తెలుస్తుందో వాళ్ల పేరు ఆ ఖాళీలోనే రాసుకుని, వెళ్లి అడగండి.

మీ చెట్టు విషయంలో నాలుగు ప్రశ్నల కిందా జవాబులు నిండాక కొట్టడమే సరైనదని తేలితే, నిస్సంకోచంగా కొట్టండి. నానబెట్టి, కోసి, ఆరబెట్టి, తగిన పనికి వాడండి. నిలబెట్టడమే మేలని తేలితే ఈ ఏటి కాయలు ఏరడానికి గోనెసంచి సిద్ధం చేసుకోండి. రెండింటిలో ఏది చేసినా అది మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవుతుంది. ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి కట్టుబడి నిలవడం చాలా తేలిక.